వెలగపూడిలో ప్రశ్న, కావలి స్టేషనులో జవాబు

వెలగపూడిలోని శాసనసభలో హోం మంత్రి ఒక ప్రశ్నకు చెప్పే జవాబు టీవీలో అరనిమిషం మించి కనిపించదు. దాని కోసం అంతకుముందు కొన్ని రోజుల పాటు నెల్లూరు, ఒంగోలు ఎస్పీ కార్యాలయాల్లో, వాటి కింది స్టేషన్లలో కాగితాలు కదులుతాయి. ఆ కదలిక బయటివారి కంట పడదు కాబట్టి మన జిల్లాల్లో రెండు నమ్మకాలు పాతుకుపోయాయి. ఎమ్మెల్యే చెబితే ఎస్సై వినాల్సిందేనన్నది ఒకటి. పోలీసులు తమ పై అధికారులకు తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్నది రెండోది. రెండూ తప్పే. పోలీసు శాఖ శాసనసభకు జవాబుదారీ. శాసనసభ్యుడికి విడిగా, ఫోనులో, జవాబుదారీ కాదు. ఈ తేడా చెరిగిపోయిన చోట నష్టపోయేది ఫిర్యాదు చేతపట్టుకుని స్టేషను మెట్లెక్కినవాడే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండోది పోలీసు. అందుకే పోలీసు శాఖకు డబ్బు మంజూరు చేసేది, దాని పనితీరుపై ప్రశ్నలు వేసేది రాష్ట్ర శాసనసభ. 164(2) అధికరణ ప్రకారం మంత్రిమండలి సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. కాబట్టి నెల్లూరు రూరల్‌లో ఒక కేసు ఎందుకు ఆలస్యమైందో సభలో చెప్పాల్సింది హోం మంత్రి, ఎస్పీ కాదు. ఎస్పీ పని మంత్రి నోటికి నిజాన్ని అందించడం. ఆ కేసులో ఎవరిని అరెస్టు చెయ్యాలి, ఎవరి పేరు తియ్యాలి అన్నది మాత్రం మంత్రి చేతిలోనూ లేదు, సభ చేతిలోనూ లేదు. దర్యాప్తు అధికారం చట్టం నేరుగా దర్యాప్తు అధికారికి ఇచ్చింది.

పోలీసు కార్యాలయాల్లో శాసనసభ ప్రశ్నను ‘ఎల్‌ఏక్యూ’ అంటారు, మండలి ప్రశ్నను ‘ఎల్‌సీక్యూ’ అంటారు. సభ్యుడు ఇచ్చిన నోటీసును శాసనసభ సచివాలయం పరిశీలించి, స్పీకర్ అనుమతించాక హోం శాఖకు పంపుతుంది. అక్కడి నుంచి మంగళగిరిలోని డీజీపీ కార్యాలయానికి, అక్కడి నుంచి ఎస్పీలకు చేరుతుంది. ప్రకాశం, నెల్లూరు గుంటూరు రేంజి కిందికి వస్తాయి కనుక రేంజి ఐజీ కార్యాలయానికి కూడా సమాచారం ఉంటుంది. ఎస్పీ కార్యాలయంలో జిల్లా నేర రికార్డుల విభాగం, అంటే డీసీఆర్‌బీ, దాన్ని స్టేషన్లకు పంపుతుంది. స్టేషనులో ఆ కాగితం చివరికి ఆగేది రైటర్, అంటే రికార్డులు రాసే కానిస్టేబుల్, బల్ల మీద. పైకి వెళ్లేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఒక సంతకం కలుస్తుంది గానీ, అంకె మాత్రం చాలాసార్లు ఆ బల్ల మీద పుట్టిందే.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేస్తారు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు చాలు. స్వల్ప వ్యవధి ప్రశ్నలు, సావధాన తీర్మానాలు (అత్యవసర విషయంపై మంత్రి దృష్టిని మళ్లించేవి), జీరో అవర్ ప్రస్తావనలు వీటికి అదనం. జిల్లాకు అన్నిటికన్నా కష్టమైనవి నక్షత్ర గుర్తు ప్రశ్నలే. అచ్చయిన జవాబు రెండు ముక్కలే అయినా, వెనుక అనుబంధ ప్రశ్నల కోసం పేజీల కొద్దీ నోట్సు సిద్ధంగా ఉండాలి. ఆ రోజు అధికారుల గ్యాలరీలో కూర్చున్నవారు చిట్టీలు రాసి మంత్రికి అందించగలరు. కానీ జిల్లా నుంచి రాని సమాచారాన్ని ఏ చిట్టీలో రాస్తారు?

ఒక ఊహాజనిత ప్రశ్న తీసుకుందాం. “నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారిపై గత ఐదేళ్లలో జరిగిన ప్రమాదాల్లో ఎంతమంది మరణించారు? నివారణకు తీసుకున్న చర్యలేమిటి?” వినడానికి తేలికైన ప్రశ్న. చెన్నై నుంచి విజయవాడ వైపు వెళ్లే 16వ నంబరు రహదారి పక్కన ఊరున్న ప్రతి సభ్యుడూ అడగదగ్గదే. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే మూడు చిక్కులు విప్పాలి.

మొదటి చిక్కు ‘నెల్లూరు జిల్లా’ అంటే ఏది అన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ప్రకాశంలోని కందుకూరు వైపు నుంచి గుడ్లూరు, ఉలవపాడు నెల్లూరులో కలిశాయి. ఇవన్నీ ఆ రహదారి వెళ్లే ప్రాంతాలే. 2021 అంకె పాత జిల్లాది, 2023 అంకె కొత్త జిల్లాది అయితే, రెంటినీ పక్కపక్కన పెట్టి “మరణాలు తగ్గాయి” అనడం అబద్ధం. రోడ్డు మారలేదు, సరిహద్దు మారింది. సరిహద్దుల మార్పుచేర్పులు ఆ తర్వాతా ఆగలేదు కాబట్టి ఈ చిక్కు ముందు ముందు కూడా ఉంటుంది. సరైన జవాబు స్టేషన్లవారీగా లెక్క ఇవ్వడం, ఏ స్టేషను ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉందో కింద ఒక వాక్యం రాయడం. ఆ ఒక్క వాక్యం లేని పట్టిక సభను తప్పుదోవ పట్టిస్తుంది, ఎవరూ కావాలని చెయ్యకపోయినా.

రెండో చిక్కు సెక్షన్లది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు ఐపీసీ 304ఏ కింద నమోదయ్యేది, ఇప్పుడు బీఎన్‌ఎస్ 106 కింద నమోదవుతోంది. 2024 సంవత్సరానికి రెండు సెక్షన్లూ కలిపితేనే మొత్తం తేలుతుంది. కంప్యూటర్‌లో ఒక సెక్షను మాత్రమే కొట్టి తీసిన లెక్కలో సగం ఏడాది గల్లంతవుతుంది.

మూడోది అన్నిటికన్నా లోతైనది. కావలి దగ్గర రాత్రి ప్రమాదం జరిగింది. గాయపడిన వ్యక్తిని నెల్లూరుకు, అక్కడి నుంచి చెన్నైకి తీసుకెళ్లారు. స్టేషనులో గాయాల కేసు నమోదైంది. పది రోజుల తర్వాత అతను చనిపోయాడని ఆసుపత్రి నుంచి కబురు వస్తే దర్యాప్తు అధికారి సెక్షను మారుస్తూ కోర్టుకు మెమో వేస్తాడు. కేసు నంబరు అదే, మొదటి ఎఫ్‌ఐఆర్‌లో సెక్షను మాత్రం గాయాలదే. రైటర్ తొందరలో ఎఫ్‌ఐఆర్ రిజిస్టరు చూసి లెక్కిస్తే ఈ మరణం లెక్కలోకి రాదు. మెమోలతో సరిచూస్తేనే వస్తుంది. జవాబు సాయంత్రంలోగా కావాలని ఫోను మీద ఫోను వస్తున్నప్పుడు ఏ పద్ధతిలో లెక్క తీస్తారో ఊహించడం కష్టం కాదు. రహదారి పక్క స్టేషన్లలో ఇది ఒకటీ అరా కేసుల సంగతి కాదు. ఆ మనిషి చనిపోయాడన్న విషయం రాష్ట్ర అత్యున్నత సభకు చేరకపోవడం చిన్న పొరపాటని నేను అనుకోను. అతని ఊరి దగ్గర అండర్‌పాస్ కావాలో వద్దో తేల్చే వాదనలో ఆ అంకె ఒక సాక్ష్యం.

ఆ పైన ‘చర్యలేమిటి’ అన్న రెండో భాగం ఉంది. రోడ్డు కేంద్రానిది, దాన్ని చూసేది జాతీయ రహదారుల సంస్థ. సర్వీసు రోడ్డు, దీపాలు, డివైడరు ఖాళీలు పోలీసుల చేతిలో లేవు. వేగం కొలిచే యంత్రాలు, గస్తీ, కేసులు, ప్రమాద స్థలాల గుర్తింపు వారి చేతిలో ఉన్నాయి. కాబట్టి జవాబులో తాము చేసినది ఒక వైపు, రహదారుల సంస్థకు ఏ తేదీన ఏ కూడలి గురించి లేఖ రాశారో మరో వైపు ఉండాలి. “తగిన చర్యలు తీసుకుంటున్నాం” అన్న వాక్యానికి అడిగినవాడి దగ్గర అనుబంధ ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. ఉండాలి కూడా.

చెప్పకూడనివీ ఉంటాయి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం బీఎన్‌ఎస్ 72 కింద నేరం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, బాలల న్యాయ చట్టం పిల్లల విషయంలో ఇంకా కఠినంగా ఉంటాయి. సభ్యుడు “కేసులవారీ వివరాలు” అడిగాడని స్టేషను నుంచి బాధితురాలి పేరు, తండ్రి పేరు, ఊరు గల పట్టిక వస్తే, అది ఎవరూ గమనించకుండా సభ ముందు పెట్టే అనుబంధంలోకి ఎక్కితే, అది శాశ్వత రికార్డు అవుతుంది. వరుస సంఖ్య, కేసు నంబరు, దశ, ఇంతే ఉండాలి. చిన్న గ్రామమైతే ఊరి పేరు కూడా తియ్యాలి. వింజమూరు, కనిగిరి వైపు చిన్న ఊళ్లలో ఊరి పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే. జిల్లా స్థాయిలో ఈ వడపోత చెయ్యడానికి ఒక బాధ్యుడు ఉండాలి. పై కార్యాలయాలు చూసుకుంటాయిలే అని వదిలెయ్యదగ్గ పని కాదు. న్యాయస్థానం విచారణలో ఉన్న విషయాలు కూడా సభా నియమాల ప్రకారం ప్రశ్నకు రావు. అయితే ఈ మినహాయింపును అవసరానికి మించి వాడుకోవడం కనిపిస్తుంది. చార్జిషీటు వేశారా, ఎప్పుడు వేశారు, ఎంతమంది నిందితులు పరారీలో ఉన్నారు అన్నవి చెప్పినంత మాత్రాన ఏ విచారణా చెడదు.

జవాబుల్లో తరచూ కనిపించే రూపం ఒకటుంది. “(అ) లేదండీ. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.” ప్రశ్నలో ఒక్క తేదీ తప్పున్నా మొత్తానికి ‘లేదండీ’ అనేసి బయటపడొచ్చు. సభ్యుడు అడిగిన మూడు ఘటనల్లో రెండు జరిగి ఉంటాయి, ఒకటి జరగలేదు కాబట్టి ‘లేదండీ’. అధికారి వైపు నుంచి చూస్తే ఇది భయం. తక్కువ చెబితే తక్కువ తప్పు దొరుకుతుంది, ఉద్దేశపూర్వకంగా సభను తప్పుదోవ పట్టిస్తే సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది. కానీ ‘లేదండీ’ చెప్పిన మర్నాడే స్థానిక పత్రికలో రెండు ఎఫ్‌ఐఆర్‌ల నంబర్లు అచ్చయితే మంత్రి, డీజీపీ, ఎస్పీ ముగ్గురూ ఒకేసారి ఇరుక్కుంటారు. “పేర్కొన్న మూడింటిలో రెండు వాస్తవం” అని రాయడం ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, మెలకువైన పని.

హక్కుల గురించి స్టేషన్లలో అనవసరమైన భయమూ ఉంది, అనవసరమైన అలసత్వమూ ఉంది. శాసనసభ్యుడికి క్రిమినల్ కేసులో అరెస్టు నుంచి రక్షణ లేదు. సివిల్ కేసులో మాత్రం సమావేశాల కాలంలో, వాటికి ముందు వెనుక 40 రోజులు అరెస్టు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 135ఏ చెబుతుంది. సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు కోర్టు బాధ్యత ఉండదని 194(2) అధికరణ అంటుంది. ఆ రక్షణ సభలో సామగ్రి ధ్వంసం చెయ్యడానికి వర్తించదని 2021లో కేరళ కేసులో, ఓటుకు లంచం తీసుకోవడానికి వర్తించదని 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు అధికారి తప్పనిసరిగా చెయ్యాల్సింది ఒకటే: సభ్యుణ్ని అరెస్టు చేస్తే కారణం, ఉంచిన చోటు వెంటనే స్పీకర్‌కు, మండలి సభ్యుడైతే చైర్మన్‌కు తెలియజెయ్యాలి. విడుదలనూ తెలపాలి. సభా ప్రాంగణంలో అనుమతి లేకుండా అరెస్టు కుదరదు.

మన దగ్గర అసలు గొడవంతా అరెస్టు అని కాగితం మీద రాయని చోట వస్తుంది. ర్యాలీ ముందు రోజు రాత్రి నాయకుడి ఇంటి ముందు పోలీసులు నిలబడతారు, అందరూ దాన్ని హౌస్ అరెస్టు అంటారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో ముందుజాగ్రత్త అరెస్టుకు 170వ సెక్షను ఉంది, నిషేధాజ్ఞలకు 163 ఉంది. మనిషిని ఇంట్లోనే కట్టడి చెయ్యడానికి స్టేషను అధికారికి ఆ పేరుతో ఇచ్చిన అధికారం లేదు. అరెస్టు కాదు కాబట్టి స్పీకర్‌కు సమాచారం పోదు, కదలనివ్వలేదు కాబట్టి సభ్యుడు హక్కుల నోటీసు ఇస్తాడు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే వరస. చెయ్యక తప్పదనుకుంటే సెక్షను రాసి, కారణం రాసి, సమాచారం పంపి చెయ్యాలి. రాయలేని పని చెయ్యకూడదు. ఇలాంటివి కాలం గడిస్తే సమసిపోతాయనుకోవడం కూడా సరికాదు. ఉత్తరప్రదేశ్‌లో 2004 నాటి లాఠీచార్జి విషయంలో ఆరుగురు పోలీసులను ఆ రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో సభకు పిలిపించి, ఆ అర్ధరాత్రి వరకు నిర్బంధ శిక్ష వేసింది.

ఇక ఫోను సంగతి. ఎస్సై, సీఐ పోస్టింగులకు ఎమ్మెల్యేల సిఫార్సు లేఖలు నడుస్తాయని మన జిల్లాల్లో తెలియనివారు లేరు. లేఖతో వచ్చిన ఎస్సై ఆ లేఖ రాసినవారి అనుచరుడి మీద ఫిర్యాదు వస్తే ఏం చేస్తాడన్నదే ప్రశ్న. 2006 సెప్టెంబరు 22న పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో స్టేషను అధికారికి, ఎస్పీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఒకటి. బదిలీల కోసం అధికారులతోనే పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు, రాష్ట్ర స్థాయిలో ప్రతిపక్ష నాయకుడికి కూడా చోటుండే భద్రతా కమిషన్, పోలీసులపై ఫిర్యాదులకు ప్రత్యేక అథారిటీ మరికొన్ని. అవి అక్షరాలా అమలైతే ఫోనుకు బలం తగ్గి ప్రశ్నకు బలం పెరుగుతుంది.

ఎమ్మెల్యే ఫోను చెయ్యడమే తప్పని కాదు. ఓటరు ఫిర్యాదు తీసుకోవడం లేదని అడగడం, కేసు ఏ దశలో ఉందో తెలుసుకోవడం ప్రజాప్రతినిధి పనే. గుర్తించదగిన నేరమని, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చెయ్యగల నేరమని, తెలిపే సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173 చెబుతుంది కాబట్టి “ఎందుకు కట్టలేదు” అన్న మాటకు జవాబు చెప్పక తప్పదు. “ఫలానావాణ్ని వదిలెయ్యి, ఫలానావాడి పేరు చేర్చు” అన్నప్పుడు హద్దు దాటినట్టు. ఆ రెండు రకాల ఫోన్లనూ తేదీతో జనరల్ డైరీలో, అంటే స్టేషను రోజువారీ రిజిస్టరులో, రాసే అలవాటు ఉంటే రెండో రకం తనంతట తానే తగ్గుతుంది. లేఖల విషయంలో కేంద్ర సిబ్బంది శాఖ ఒక మంచి పద్ధతి పెట్టింది: పార్లమెంటు, శాసనసభ్యుల లేఖ అందినట్టు 15 రోజుల్లో, పూర్తి జవాబు ఆ తర్వాతి 15 రోజుల్లో. ఎస్పీ కార్యాలయంలో ఇది నడిస్తే సభ దాకా వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి అక్కడే జవాబు దొరుకుతుంది. ప్రతిపక్ష సభ్యుడి లేఖకూ అదే గడువు.

పోలీసు శాఖకూ సభకూ మధ్య ప్రశ్నలే కాదు, చట్టాలూ నడుస్తాయి. ఇందులో నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ప్రత్యేక చరిత్ర ఉంది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది మద్య నిషేధం అమలు వివాదం మీదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో అది సడలింది. చట్టం చెయ్యడం సభ పని, దాన్ని రాత్రిపూట సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర అమలు చెయ్యడం ఎక్సైజు, పోలీసు సిబ్బంది పని. అమలుకు ఎంతమంది కావాలో, ఎక్కడ కారిపోతోందో ఆ సిబ్బంది సభకు నిజంగా చెప్పగలిగితేనే తర్వాతి చట్టం గట్టిగా ఉంటుంది.

కావలికి ఇంకో జ్ఞాపకం ఉంది. బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన సెటిల్‌మెంటు అక్కడ ఉండేది. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, దేశమంతటా రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్థులన్న అధికారుల మాటను, సామాన్యుడి ఓటుతో ఏర్పడిన సభలు లేని కాలంలో, నిలదీసి అడిగే నోరు లేకపోయింది. పోలీసు శాఖ తెచ్చే ప్రతి సవరణనూ సభ గట్టిగా ప్రశ్నించాలని నేను పట్టుబట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

సభ ఆమోదించిన ప్రతిదీ చట్టం కాదన్నది కూడా జనానికి విడమరిచి చెప్పాలి. 2019 డిసెంబరు 13న శాసనసభ ఆమోదించిన, మహిళలపై నేరాలకు సంబంధించిన దిశ బిల్లు ఏడు రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ అంది. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది కనుక 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు. దిశ పేరుతో స్టేషన్లు మాత్రం వచ్చాయి. వాటికి వెళ్లి “21 రోజుల్లో శిక్ష పడుతుందా” అని అడిగిన తల్లిదండ్రులకు ఆ తేడా విప్పి చెప్పాల్సిన భారం అక్కడి సిబ్బంది మీద పడింది. ఆ భారం సభలోనూ సచివాలయంలోనూ కూర్చున్నవారు ముందే దించి ఉండాల్సింది.

సమావేశాలు ముగిశాక ఏమవుతుందో పత్రికలు అంతగా పట్టించుకోవు. ప్రభుత్వ ఖర్చును ఆడిట్ చేసే కాగ్ నివేదికలు 151 అధికరణ కింద సభ ముందుకు వచ్చాక ప్రజా పద్దుల సంఘం పోలీసు ఆధునికీకరణ నిధుల ఖర్చును తిరగేస్తుంది. కొన్న వాహనం, కట్టిన క్వార్టర్స్, వాడని పరికరం అన్నిటికీ వివరణ పత్రం జిల్లా నుంచే పోవాలి. ప్రభుత్వ హామీల సంఘం ఇంకా ముఖ్యం. మంత్రి “పరిశీలిస్తాం”, “సమాచారం తెప్పించి సభ్యుడికి అందజేస్తాం” అన్నా హామీ కిందే లెక్కించే పద్ధతి లోక్‌సభలో ఉంది, అక్కడ నెరవేర్చడానికి మూడు నెలల గడువు. ఇక్కడి సంఘం పనీ అదే, చెప్పింది చేశారా అని వెంటపడటం. కాని ఎస్పీ మారతారు, డీఎస్పీ మారతారు, ఎల్‌ఏక్యూ చూసే గుమస్తా పదవీ విరమణ చేస్తారు. రహదారి మీద కొత్త అవుట్‌పోస్టు పెడతామన్న మాట ఎవరి ఫైలులో ఉందో కొత్తవారికి తెలియదు.

దీనికి కొత్త పథకాలు అక్కర్లేదు. ప్రతి ఎస్పీ కార్యాలయంలో ఒకే రిజిస్టరు, అందులో ప్రశ్న నంబరు, పంపిన జవాబు నకలు, అంకె ఏ రికార్డు నుంచి తీశారో, సభలో మంత్రి ఇచ్చిన మాట, దాని గడువు. ఎస్పీ బాధ్యతలు అప్పగించే రోజు పెండింగ్ కేసుల జాబితాతో పాటు పెండింగ్ హామీల జాబితా కూడా చేతులు మారాలి. మన వైపు నుంచి చెయ్యగలిగిందీ ఉంది. మీ ఊరి కూడలి గురించి, మీ స్టేషను సిబ్బంది కొరత గురించి సభలో ఏ జవాబు వచ్చిందో మీ ఎమ్మెల్యే కార్యాలయంలో నకలు అడగండి. అంకె తప్పనిపిస్తే ఆధారంతో ఆయనకే రాయండి, అది అనుబంధ ప్రశ్న కావచ్చు. అక్కడా కదలిక లేకపోతే శాసనసభ పిటిషన్ల కమిటీకి, సభ్యుడి ద్వారా, అర్జీ పెట్టుకునే వీలుంది. అర్జీలో ఫలానావాణ్ని అరెస్టు చెయ్యాలని రాయకండి. ఎన్ని ప్రమాదాలు, ఎన్ని రోజుల ఆలస్యం, ఏ తేదీన ఎవరికి చెప్పారు అన్నది రాయండి, దానికి ఎస్పీ కార్యాలయం కాగితం మీద జవాబు ఇవ్వాల్సి వస్తుంది.